సముద్రపు వణుకు వినే సారు

ఆ సారును తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మార్కాపురంలో పలకల గనులకు దగ్గరగా, మా వీధి చివర, భూమి అదురును కొలిచే గది ఒకటి ఉండేది. ఆయన అందులో ఆఫీసరు, నేను ఊడ్చే మనిషిని. చెప్పులు బయటే విప్పించి, "మెల్లగా నడువు తల్లీ, మిషన్లో గీత చెడుతుంది" అనేవాడు.

ఒకరోజు కంప్యూటర్లో సన్నగా, నున్నగా అలలా సాగుతున్న గీతను చూపించి మురిసిపోయాడు. ఎక్కడో సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలితే, ఆ వణుకు నేల లోపలినుంచి ఇక్కడిదాకా వచ్చిందట.

ఆ మధ్యాహ్నమే గనిలో మందు పేల్చారు. ఆ అదురుకు మా ఇంటి గోడ కూలి మీదపడి నాయన కాలు విరిగింది. చెప్పులతోనే ఆ గదిలోకి పరుగెత్తాను.

"సారూ, ఆ అదురు మీ మిషన్లో పడింటాది గదా. గని వల్లనే అని రాసియ్యండి. తాసిల్దారుకు చూపిస్తాం."

ఆయన ముందు నా చెప్పులను చూశాడు. తర్వాత తెర మీద, సముద్రపు గీత నడుమ నిటారుగా లేచిన గీతను చూశాడు.

"పడింది తల్లీ. అది మాకు పనికొచ్చేది కాదు, సముద్రం గీతకు అడ్డం" అని దాన్ని తుడిచేశాడు.

నేను ఏడుస్తూ గడప దాటుతుంటే వెనకనుంచి అదే మాట వినిపించింది.

"మెల్లగా నడువు తల్లీ."