జాయింట్ల క్లాసులో నేనిచ్చిన సలహా

గుంటూరులో ఒక పెద్ద హోటలుంది. ఇవాళ్టికీ ఆ వీధిలో పోవాల్సి వస్తే నేను హెల్మెట్ అద్దం కిందికి దించుకునే పోతాను. ట్రాఫిక్ కానిస్టేబుళ్లు నన్ను చూసి ముచ్చటపడుతుంటారు. ఆ హోటల్లో ఒకప్పుడు నా పరువు పునాదితో సహా ఎలా కూలిందో వాళ్లకేం తెలుసు! మీరు నవ్వనంటే చెబుతాను. సరే, నవ్వండి. ఎలాగూ ఆపుకోలేరు.

నేను చిలకలూరిపేటలో సివిల్ ఇంజనీర్ని. సొంతంగా ఆఫీసు పెట్టి అప్పటికి కొన్నేళ్లే అయింది గానీ, తాజ్‌మహల్ కట్టేటప్పుడు మేస్త్రీలు నన్నే అడిగి కట్టారన్నంత గర్వం. మా వృత్తిలో ఒక నియమముంది. ప్లాన్ల మీద సంతకం పెట్టే అధికారం నిలబడాలంటే గడువులోపు కొన్ని గంటలు క్లాసులకి హాజరు కావాలి. దాన్ని 'నిరంతర వృత్తి నైపుణ్యాభివృద్ధి' అంటారు. ఆ మాట తడబడకుండా పలకడానికే ఒక క్లాసు కావాలి. అన్నీ తెలిసినవాడికి క్లాసులెందుకని నేను వాయిదా వేస్తూ వచ్చాను. గడువు నెత్తిమీదికొచ్చింది. అప్పుడు మా కోటేశు ఫోన్ చేశాడు. వాడూ ఇంజనీరే, నా క్లాస్‌మేటు.

"ఒరేయ్ వెంకట్రావ్, ఆదివారం గుంటూరులో జాయింట్ల మీద క్లాసురా. గడువులోపు మనవైపు జరిగేవాటిలో ఇదే ఆఖరుది. ఇది కూడా ఎగ్గొడితే నీ సంతకం కిరాణా చీటీకి తప్ప ఎందుకూ పనికిరాదు."

"జాయింట్లా? గోడకీ గోడకీ, స్లాబుకీ స్లాబుకీ మధ్య సందులేగా! అందులో నాకు తెలియందేముందిరా?"

"తెలిసినా తెలియకపోయినా వచ్చి కూర్చో. నీ జిన్నింగ్ మిల్లు గోడౌను ప్లాను మీద ఎవరు సంతకం పెడతారనుకున్నావ్, నేనా?"

ఆ మాటతో దిగొచ్చాను. నాకు దొరికిన మొదటి పెద్ద పని ఆ గోడౌనే మరి.

ఆదివారం పొద్దున్నే ఇడ్లీ, దానిమీద పెసరట్టు, ఆ రెంటిమీదా ఉప్మా వేసుకుని, హైవే మీద పత్తి లారీల పొగ తింటూ మోటారుసైకిలు మీద గుంటూరు చేరాను. ఎండకి తల పెనంలా కాలిపోయింది. హోటల్ కింది అంతస్తులో ఒక అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది.

"జాయింట్స్ ప్రోగ్రామేనా సార్?"

"అవునమ్మా, జాయింట్లే."

"లోపలికి వెళ్లండి సార్."

చేతికో సంచి ఇచ్చింది. చూస్తే అందులో పెన్ను, పుస్తకం, ఒక కాల్షియం మాత్రల పెట్టె. ఇంజనీర్ల ఎముకల గురించి కూడా ఆలోచిస్తున్నారే అని మా సంఘం మీద నాకు తొలిసారి గౌరవం పుట్టింది. కోటేశు ఎక్కడా కనబడలేదు. నన్ను తిట్టి వాడే ఆలస్యంగా వస్తున్నాడని నవ్వుకున్నాను.

హాల్లో దీపాలు ఆర్పేశారు. ఏసీ చల్లగా తగులుతోంది. కుర్చీ అత్తగారింటి పరుపులా ఉంది. పైగా కడుపులో మూడు టిఫిన్లు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నంతవరకే నాకు గుర్తుంది.

"వెనక వరుసలో నీలం చొక్కా సార్! మీరేమంటారు?"

ఉలిక్కిపడి లేచాను. నీలం చొక్కా నేనే. ఎవరో చేతికి మైకు అందించారు. పక్కాయన్ని మోచేత్తో పొడిచి, "ఏంటండీ సంగతి?" అని గొణిగాను.

ఆయన జాలిపడి గుసగుసగా చెప్పాడు. "డెబ్భై ఏళ్లు. కింద జాయింటు పూర్తిగా అరిగిపోయింది. బరువంతా ఒక పక్కకే పడుతోంది. ఏం చేద్దామని."

కళ్లద్దాల్లేకుండానే తెరవైపు చూశాను. మసకమసగ్గా రెండు తెల్లటి స్తంభాలు, మధ్యలో సన్నటి సందు. ఓస్, ఇంతేనా! గొంతు సవరించుకున్నాను.

"ముందు కింద జాకీలు పెట్టి పైకి లేపాలండీ."

హాల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. నా తెలివికి అబ్బురపడుతున్నారనుకున్నాను.

"జాకీలా?" అన్నాడు వేదిక మీదాయన.

"అవునండీ. లేపి, అరిగినచోట సుత్తితో కొట్టి చూడాలి. డొల్లగా మోగిందనుకోండి, లాభం లేదు. సిమెంటు కూరినా నాలుగు రోజుల ముచ్చటే. అసలు నన్నడిగితే..."

ఇక్కడ ఆగినా బతికిపోయేవాణ్ణి. ఆగలేదు.

"డెబ్భై ఏళ్లదానిమీద ఖర్చు దండగండీ. పడగొట్టేసి, ఆ స్థలంలో కొత్తది వేసుకోమని ఓనరుకి చెప్పండి. కావాలంటే నా దగ్గర మంచి పొక్లెయిను ఉంది."

ముందు వరుసలో ఏదో కదిలింది. చేతికర్ర ఊతంతో ఒక పెద్దావిడ లేచి నిలబడింది.

"ఎవడ్రా నన్ను పడగొట్టేది?"

ఎవరో దీపాలు వేశారు. గబగబా కళ్లద్దాలు పెట్టుకున్నాను. తెరమీద ఉన్నది మోకాలి ఎక్స్‌రే. ఆ మోకాలి యజమానురాలు మార్టూరు దగ్గరి నుంచి వచ్చిన ఆదెమ్మగారు. హాలు నిండా ఉన్నవాళ్లు ఎముకల డాక్టర్లు. నా కాళ్ల కింద భూమి పాత స్లాబులా కూలి నన్ను మింగేస్తే బాగుండనుకుంటే, ఎంతకీ కూలదే!

వేదిక మీది డాక్టరుగారు నవ్వు బిగబట్టి అడిగాడు. "సార్, మీరెక్కడ చేస్తుంటారు?"

"చిలకలూరిపేటలోనండీ. సివిల్..."

"సివిల్ సర్జనా?"

"సివిల్ ఇంజనీరండీ."

ఆ నవ్వులకి హోటల్ జాయింట్లు ఊడతాయేమో అనిపించింది. నేను ఆదెమ్మగారి దగ్గరికి పరిగెత్తి చేతులు జోడించాను.

"అమ్మా, తప్పయిపోయింది. బిల్డింగనుకున్నానండీ."

"బిల్డింగా? నేనా?" ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. పెదవులు వణికాయి. ఏడుస్తుందేమోనని హడలిపోయాను. ఆవిడ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది.

ఆపరేషనంటే భయపడి ఆవిడ ఏడాదిగా ఎవరి మాటా వినట్లేదట. కళ్లు తుడుచుకుంటూ డాక్టరుగారివైపు తిరిగింది.

"అయ్యా, ఆ ఆపరేషనేదో చేసెయ్యండి. ఈ పిల్లోడు పొక్లెయిను తెచ్చేలోపే కానివ్వండి!"

చప్పట్లు మోగాయి. నేను మాత్రం మెట్లెక్కి పై అంతస్తుకి పరిగెత్తాను. మా క్లాసు జరుగుతున్నది అక్కడ. గుమ్మంలోనే కోటేశు.

"పొద్దుట్నుంచీ ఎక్కడ చచ్చావురా?"

"కింద, జాయింట్ల క్లాసులోనేరా."

నిర్వాహకుడు ససేమిరా హాజరు వేయనన్నాడు. ఇంతలో డాక్టరుగారే పైకొచ్చి, నా తరఫున మాట్లాడి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. మైకులో చెప్పాడు. మధ్యాహ్నం క్లాసుకి హాజరు దక్కింది. మిగతా గంటలు ఆన్‌లైన్లో, గుడ్లు మిటకరించి మరీ పూర్తిచేశాను. గోడౌను ప్లాను మీద సంతకం పడింది. ఆదెమ్మగారు రెండో మోకాలు కూడా మార్పించుకుని, మిరప కోతలకి కూలీల వెంట చేలో తిరుగుతోందని తెలిసింది.

అందుకే కృష్ణమ్మ సాక్షిగా, అమరేశ్వరుడి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఎంత పాతదాన్నైనా సరే పడగొట్టమని చెప్పేముందు, అది ముందు వరుసలో కూర్చుని వింటోందేమో చూసుకుంటాను.