మా అత్తయ్య, పాత గిటార్ల సంగతి

మా మేనత్త పోయారు. మొన్న మంగళవారం పొద్దున, ఏలూరులో, తన ఇంటి వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తిరుగుతూనే ఒరిగిపోయారట. పిట్టగోడ మీద కాఫీ గ్లాసు ఇంకా వేడిగానే ఉందట. పక్కింటావిడ ఫోను చేసేసరికి నేను తాడేపల్లిగూడెం స్టేషన్లో ఉన్నాను. వట్లూరు కాలేజీలో పాఠాలు చెప్పడానికి రోజూ ఎక్కే రైలే అప్పుడే వచ్చి ఆగింది. "ఏవండీ, మీ అత్తయ్యగారు..." అని ఆవిడ ఆగిపోయారు. మిగతాది నేనే అర్థం చేసుకున్నాను. రైల్లో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరే నిలబడి వెళ్లి, వట్లూరు దాకా పోకుండా ఏలూరులో దిగిపోయాను.

ఈ పేజీలో వాయిద్యాల గురించి నేను రాసేవి చదివే మీలో చాలామంది కొంతకాలంగా ఒకటే అడుగుతున్నారు. పాతకాలపు ఎలక్ట్రిక్ గిటార్ దొరికితే కొనుక్కోవచ్చా, కొత్తదే మేలా అని. అత్తయ్యని ఒకసారి కూర్చోబెట్టి, అన్నీ వివరంగా అడిగి రాద్దామనుకున్నాను. ఆవిణ్ణి కూర్చోబెట్టడమనేది ఎప్పుడూ ఎవరి వల్లా కాలేదు. ఇప్పుడు గుర్తున్నది గుర్తున్నట్టు రాయాలి. గిటార్ల గురించి మొదలుపెడితే ఆవిడే అడ్డం వస్తున్నారు. రాస్తూ రాస్తూ లేచిపోతున్నాను. వీధిలోకి వెళ్లి వస్తున్నాను. వాక్యాలు కుదురుగా లేకపోతే మన్నించండి.

ఆవిడ మిషను స్కూల్లో లెక్కల టీచరు. శని, ఆదివారాల్లో ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్. ఆ రోజుల్లో మా వైపు ఆర్కెస్ట్రాలో ఆడవాళ్లంటే పాడేవాళ్లే. చీర కొంగు నడుముకి దోపుకుని, భుజాన ఎర్ర గిటార్ తగిలించుకుని నిలబడే మనిషిని చూడ్డానికే జనం ముందుకి తోసుకొచ్చేవారని మా నాన్న చెప్పేవారు. కొల్లేటి లంకల్లో పెళ్లిళ్లకి వెళ్లాలంటే చివరి కొంత దూరం దోనెల మీదే. డ్రమ్ములొక దోనెలో, యాంప్లిఫయరూ పెట్టెలూ ఇంకోదాంట్లో. గిటార్ని మాత్రం అత్తయ్య ఒళ్లోనే పెట్టుకునేవారు.

ఆ గిటార్ జపాన్‌లో చేసింది. ఓడలో పనిచేసే ఒకాయన తెచ్చి, వాయించడం రాక అమ్మేస్తే ఆవిడ జీతం కూడబెట్టి కొనుక్కున్నారు. అప్పటికే అది పాతది. కాబట్టి పాత గిటార్ల గురించి ఆవిడకి తెలిసినంత నాకు తెలిసినవాళ్లెవరికీ తెలీదు. ఎందుకంటే ఆ పాత గిటారూ, దానికంటే పాత యాంప్లిఫయరూ కలిసి ఒకసారి ఆవిణ్ణి చంపినంత పని చేశాయి.

కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో పెళ్లి. సాయంత్రం వాన పడి వెలిసింది. స్టేజి బల్లలు తడిగా ఉన్నాయి. కరెంటు ఎక్కడినుంచో వైరు తగిలించి లాగారు. రెండో పాటలో గొంతు కలపడానికి అత్తయ్య మైకు దగ్గరికి వంగారు. ఎడం చెయ్యి తీగల మీద, పెదవి మైకుకి ఆనింది. అంతే. కేకైనా వెయ్యలేదట. చెయ్యి తీగల్ని పట్టుకుని వదల్లేదు. పాటలో భాగమేమో అనుకుని జనం చప్పట్లు కొట్టారట. ఆర్కెస్ట్రా నడిపే ఆయన చూసి, పరిగెత్తి బోర్డులోంచి వైరు పీకేశారు. అప్పుడు పడిపోయారు.

బతికారు. కింది పెదవి మీద చిన్న మచ్చ, ఎడంచేతి ఉంగరంవేలు వంగకపోవడం మిగిలాయి. ఇక గిటార్ మాట ఎత్తవద్దని మా తాతగారు గట్టిగా చెప్పారు. అత్తయ్య ఎదురు చెప్పలేదు. కట్టు విప్పిన వారమే పవర్‌పేటలో ఒక రేడియో రిపేరు షాపుకి వెళ్లి, "నాకు వైరింగు నేర్పండి, సాయంత్రాలు వస్తాను" అని అడిగారు. ఆ షాపాయన మొదట నవ్వారు. తర్వాత స్టూలు వేశారు. స్టూలు మీద కూడా ఆవిడ కూర్చునేవారు కాదట. నిలబడే సోల్డరింగు నేర్చుకున్నారు. నేర్చుకుని, తనని కొట్టిన యాంప్లిఫయర్‌ని విప్పి, లోపలంతా మార్చి, ఎర్త్ వేసి, ఉంగరంవేలు లేకుండా మిగతా వేళ్లతో వాయించడం మళ్లీ మొదటినుంచీ సాధన చేశారు. మరుసటి పెళ్లిళ్ల సీజనుకి స్టేజి ఎక్కారు. తాతగారు ఆవిడతో చాలాకాలం మాట్లాడలేదు. ఆవిడ మాత్రం వాయించడం ఆపలేదు.

నాకు గిటార్ నేర్పినప్పుడు మొదటి పాఠమే అది. "తీగలు తర్వాత పట్టుకుందువు గానీ, ముందు ప్లగ్గు చూడరా" అనేవారు. నేను విసుక్కుంటే తన పెదవి మీద మచ్చ చూపించేవారు.

ఆవిడ ఊరుకుని ఉన్న క్షణం నాకు గుర్తులేదు. అన్నం నిలబడి తినేవారు. బస్సులో తలుపు పక్కన రాడ్డు పట్టుకుని నిలబడేవారు. చర్చిలో పాస్టరు వాక్యం చెబుతున్నంతసేపూ ఆవిడ వేళ్లు ముందు బెంచీ వీపు మీద ఏదో పాట వాయిస్తూనే ఉండేవి. గిటార్‌ని కూడా అలాగే కుదురుగా ఉండనిచ్చేవారు కాదు. కొల్లేటి గాలికి మెడ మీది లోహపు గీతలు, అవే ఫ్రెట్లు, తుప్పు పడితే పీకి కొత్తవి వేయించారు. తీగలు బిగించే కీలు వదులైతే మార్చారు. తీగల మోతని పట్టే పికప్పులు మార్చారు. ఎరుపు వెలిసిపోతే మా ఇంటి కిటికీలకి తెచ్చిన పెయింటు మిగిలితే అదే వేసేశారు. చివరికి పాతదంటూ దాంట్లో మిగిలింది చెక్కొక్కటే.

ఒకసారి పాత గిటార్లు కొని దాచుకునే ఆయనొకరు హైదరాబాదునుంచి వెతుక్కుంటూ వచ్చారు. గిటార్ పేరు వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. పెట్టె తెరవగానే ఆరిపోయింది.

"అన్నీ మార్చేశారేంటి మేడమ్? ఒరిజినల్‌గా ఉంటే దీనికి విలువుండేది."

"వాయించానండి మరి" అన్నారు అత్తయ్య. "ఇంతకాలం వాయిస్తే అరగదాండి?"

ఆయన వెళ్లిపోయాక ఆవిడ చాలాసేపు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే నాకు పాత గిటార్ల పిచ్చి పట్టుకుని ఉంది. పాత చెక్క బాగా ఎండి ఉంటుంది, మోత నిండుగా వస్తుంది, అలాంటి పని ఇప్పుడెవరూ చెయ్యరు అని చదివినదల్లా నమ్మేవాణ్ణి. పాఠం చెబుతూ కూడా ఫోనులో అమ్మకాల ఫోటోలు చూసుకునేవాణ్ణి.

అలా ఒకరోజు జంగారెడ్డిగూడెం నుంచి ఒక ఫోటో కనిపించింది. పాత గిటార్, దాని పెట్టె, దానితోపాటే యాంప్లిఫయరు. అత్తయ్యని వెంటబెట్టుకుని బస్సెక్కాను. బ్యాగులో పాతగుడ్డలో చుట్టిన సోల్డరింగ్ ఐరనూ, కొత్త తీగలూ, తన చిన్న బ్యాటరీ యాంపూ పెట్టుకుని ఆవిడ బయల్దేరారు. దారిపొడవునా నేను ధర గురించి మాట్లాడుతూనే ఉన్నాను. ఆవిడ ద్వారకా తిరుమల మలుపు దగ్గర దిగేవాళ్లనీ ఎక్కేవాళ్లనీ చూస్తూ నిలబడ్డారు.

పామాయిల్ తోట మధ్యలో ఇల్లు. ఇంటాయన ఆ మధ్యే పోయారు. ఆయన కొడుకు మమ్మల్ని లోపలికి పిలిచి గిటార్ చూపించాడు. "ఒక్క స్క్రూ కూడా మార్చలేదండి. వచ్చింది వచ్చినట్టే ఉంది" అన్నాడు. మచ్చలేని గిటార్ అది. మోగించి చూపిస్తానంటూ అతను యాంప్లిఫయర్ ప్లగ్గు తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు.

"ఆగు బాబూ!"

అత్తయ్య అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. వెళ్లి అతని చేతిలోంచి వైరు లాగేసుకున్నారు. రెండు పిన్నుల ప్లగ్గు. ఎర్త్ లేదు. వెనక్కి తిప్పి చూస్తే లోపలి వైర్ల మీద తొడుగు పొడిపొడిగా రాలిపోతోంది. "దీన్ని పెట్టి నువ్వు తీగలు ముట్టుకుని ఉంటే..." అని, మాట పూర్తి చెయ్యకుండా దాన్ని పక్కకి జరిపేశారు. తర్వాత గిటార్‌ని చేతిలోకి తీసుకుని, చివరనుంచి ఒక కన్ను మూసి మెడ వంపు చూసి, తీగలు మార్చి, ఊడిన చోట సోల్డరింగు చేసి, తన బ్యాటరీ యాంపుకి తగిలించి వాయించడం మొదలుపెట్టారు.

వంటింటి గుమ్మంలో ఇంటావిడ వచ్చి నిలబడ్డారు. అత్తయ్య వయసే ఉంటుంది ఆవిడకీ. కాసేపటికి వచ్చి నేలమీదే కూర్చున్నారు.

"పెళ్లయిన కొత్తలో వాయించేవారండి" అన్నారు. "తర్వాత తోటలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు... తీరిక లేక బీరువా మీద పెట్టేశారు. ఏడాదికోసారి దించి తుడిచి, మళ్లీ పైన పెట్టేసేవారు. ఇది ఆయన వాయించినట్టే మోగుతోందాండి?"

"నాకేం తెలుస్తుందండి? విన్నది మీరు కదా. మీరే చెప్పాలి" అన్నారు అత్తయ్య. అని, గిటార్ తీసి ఆవిడ ఒళ్లో పెట్టేశారు.

"అమ్మో, నాకెందుకండీ!" అంటూనే ఆవిడ ఒక తీగ మీటారు. మోత గదంతా నిండింది. ఆవిడ బెదిరి కొడుకు వైపు చూశారు. మళ్లీ మీటారు.

బయటికి వచ్చాక, గేటు దగ్గర అత్తయ్య అన్నారు, "అది నువ్వు కొనకు."

"బాగుంది కదా అత్తయ్యా!"

"బాగుంది కాబట్టే చెబుతున్నాను. అది ఆవిడది. ఆవిడకే ఇంకా తెలీదు."

మర్నాడు కొడుకు ఫోను చేశాడు. అమ్మ అమ్మొద్దంటోందండి, ఏమీ అనుకోకండి అని. నాకు కోపం వచ్చింది. చాలా రోజులు తిక్కతిక్కగా తిరిగాను. చివరికి అత్తయ్యే నన్ను గిటార్ల షాపుకి తీసుకెళ్లి, గోడ వైపు తిప్పి నిలబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తనే వాయించారు. "పేరు చూడకు, ఏ ఏడాదిదో అడగకు. చెవికి నచ్చినప్పుడు చెయ్యెత్తు" అన్నారు. నేను చెయ్యెత్తింది ఒక కొత్త గిటార్‌కి. అదే కొన్నాను. మెడ తిన్నగా ఉంది, శ్రుతి తప్పదు, షాకు భయం లేదు. అయినా దాన్ని పట్టుకున్న ప్రతిసారీ ఆ జంగారెడ్డిగూడెం గిటార్ ఎలా మోగి ఉండేదో అని మనసు అటు పోతూనే ఉంటుంది.

కాబట్టి మీరడిగినదానికి నా జవాబు ఇదీ. నేర్చుకునేవాళ్లయితే కొత్తదే కొనండి. పాతది కొనాలనుకుంటే మెడ చూడండి, ఫ్రెట్లు చూడండి, దానితో వచ్చే యాంప్లిఫయర్‌ని తెలిసినవాళ్లు విప్పి చూసేదాకా గోడకి తగిలించకండి. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి గొప్పదని ఎవరైనా అంటే, ఎందుకు ముట్టుకోలేదో అడగండి. ఇంతకంటే తెలిసిన మనిషి ఇప్పుడు లేరు.

ఆ తర్వాత అత్తయ్య తరచు జంగారెడ్డిగూడెం బస్సెక్కడం మొదలుపెట్టారు. అప్పటికే గుండెకి మందులు వాడుతున్నారు. "అంత దూరం ఎందుకండీ ఈ తిరుగుడు?" అని నేను కసిరితే, "యాంపు బాగుచేసి ఇస్తానన్నానురా, సగంలో వదిలేస్తే ఎలా?" అనేవారు. ఒక యాంపు బాగుచెయ్యడానికి ఇన్నిసార్లా అని నాకు తోచనే లేదు.

నిన్న చర్చి ఆవరణలో, అత్తయ్యని తలుచుకుంటూ ఆదరణ కూడిక జరిగింది. షామియానా కింద భోజనాలు పెడుతున్నారు. గేటు దగ్గర ఆటో ఆగింది. జంగారెడ్డిగూడెం ఇంటావిడ దిగారు, గిటార్ పెట్టెతో. తిన్నగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ ఎడంచేతి వేళ్ల కొసలు గట్టిగా, తీగలు నొక్కి నొక్కి కాయలు కాసి ఉన్నాయి.

"నాకోసమే వచ్చేవారండి" అన్నారావిడ. "ఎవరికీ చెప్పొద్దన్నాను. ఈ వయసులో ఇదేంటని నవ్వుతారని సిగ్గేసిందండి. ఒక పాట కట్టారండి నాకోసం, తేలిగ్గా ఉండేటట్టు. సగం నేర్పారు. మిగతాది ఈ మంగళవారం చెబుతానన్నారు. మీకు వస్తుందాండి ఆ పాట?"

"ఒకసారి వాయించండి, చూస్తాను" అన్నాను.

ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గిటార్ ఒళ్లోకి తీసుకున్నారు. యాంపు లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ మోత చాలా చిన్నది, వంగితే గానీ వినపడదు. నేను వంగాను. వడ్డించేవాళ్లు బకెట్లు చేతుల్లోనే పట్టుకుని దగ్గరికి వచ్చారు. ఆవిడ మెల్లగా, పెదవులు కదుపుతూ, ఒక్కో స్వరం వెతుక్కుంటూ వాయించారు. నేను ఎన్నడూ వినని పాట అది. ఉంగరంవేలు వాడకుండానే వాయిస్తున్నారు, తనకి ఆ వేలు బాగానే ఉన్నా. అలా నడిచి నడిచి, పైకి ఎక్కబోతున్నచోట పాట ఆగిపోయింది. ఆవిడ తలెత్తలేదు. తర్వాతి స్వరం ఎక్కడుందో తెలియని చిటికెనవేలు, తీగకి కాస్త పైన, గాలిలో కదులుతూ ఉంది.