గేటు దాటని అక్క

మా కుక్కకు ఉద్యోగం ఉందంటే కాలనీలో ఎవరూ నమ్మేవారు కాదు. రైల్వే ఆఫీసులో ఏళ్ల తరబడి ఫైళ్లు మోసిన నాకంటే అదే ఎక్కువ శ్రద్ధగా పనిచేసేది. శనివారం పొద్దున్నే స్నానం చేయించి, గోళ్లు కత్తిరించి, మెడకు ఆకుపచ్చ రుమాలు కట్టగానే దాని నడకే మారిపోయేది. అప్పటిదాకా మా ఆయన చెప్పులు కొరికిన జంతువు, రుమాలు కట్టాక పిల్లి ఎదురొచ్చినా తల తిప్పేది కాదు. నాచారం నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో ఉన్న ఒక పిల్లల ఆసుపత్రిలో, క్యాన్సర్ వార్డులో దాని డ్యూటీ. ఎవరి మీదికీ ఎగబడకూడదు, ఎవరినీ నాకకూడదు, పిల్లలు పిలిస్తేనే దగ్గరికి పోవాలి. ఇవన్నీ నేర్పి, పరీక్ష పెట్టి, టీకాలు వేయించి కుక్కల్ని ఆసుపత్రులకు పంపే చిన్న బృందం ఒకటి ఉండేది. నేను అందులో చేరింది సేవాభావంతో కాదు. రిటైరయ్యాక రోజంతా ఇంట్లో కూర్చుని మా ఆయనతో పోట్లాడే ఓపిక లేక.

ఆ వార్డులో నారపల్లి నుంచి వచ్చిన ఏడేళ్ల పాప ఉండేది. రక్తానికి పట్టిన క్యాన్సర్. ఆ జబ్బుకు అప్పుడప్పుడూ వెన్నుపూసల మధ్య సూది దించి మందు ఎక్కిస్తారు. పిల్ల పక్కకు తిరిగి, మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకోవాలి. కదలకూడదు. మొదటిసారి నలుగురు పట్టుకుని వేశారట. ఆ కేకలు విన్న డాక్టరమ్మే మా కుక్కను ఆ గదిలోకి పిలిచింది. పాప మంచం మీంచి చెయ్యి కిందికి వేసి దాని చెవి పట్టుకునేది. పని అయ్యేదాకా కుక్క గడ్డం మంచం పట్టెకు ఆనించి అలాగే కూర్చునేది. చెవి ఎంత గట్టిగా నలిపినా చూపు కూడా తిప్పేది కాదు.

కుక్క వయసులో తనకంటే పెద్దదని తెలిశాక పాప దాన్ని అక్క అనడం మొదలుపెట్టింది. నన్ను అమ్మమ్మ అనేది. "అక్క ఉంటె నేను అస్సలు కదల" అని డాక్టరమ్మకు మాటిచ్చింది. ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

అంతలో కరోనా వచ్చింది. కుక్కల రాకపోకలు బందయ్యాయి. మా కాలనీ ప్రెసిడెంటు కుక్కల వల్లే రోగం వస్తుందని ఫోన్‌లో ఏదో చూపించాడు. వెల్లుల్లి నమిలితే రోగం రాదని చెప్పింది కూడా ఆ ఫోనే కదా అన్నాను. అప్పటినుంచి మాతో మాట్లాడడం మానేశాడు. అది మాత్రం కరోనా చేసిన మేలే. పాపతో వీడియోలో మాట్లాడించేదాన్ని. గొంతు వినపడగానే కుక్క ఫోను వెనక్కి వెళ్లి వెతికేది. పాప నవ్వేది. సూది రోజు మాత్రం మళ్లీ నలుగురు పట్టుకోవాల్సిందే.

మొదటి అల తగ్గిన నెలల్లో డాక్టరమ్మ తన పూచీ మీద ఒక్క కుక్కకు, ఆ పాప సూది రోజు మాత్రమే అనుమతి తెచ్చింది. నేను గౌను, తొడుగులు, రెండు మాస్కులు, మొహానికి ప్లాస్టిక్ అద్దం పెట్టుకుని వెళ్లాలి. సరేనన్నాను. ఆ వేషంలో ఉన్న నన్ను కుక్క మొదట గుర్తుపట్టలేదు. గొంతు విన్నాక తోక ఊపింది.

పాప తండ్రి గురించి చెప్పాలి. నారపల్లిలో వాళ్లది తరతరాల సాగు. చేలన్నీ ప్లాట్లయిపోయాక అతను దొరికిన పనల్లా చేశాడు. కరోనా రోజుల్లో ఉప్పల్ వీధుల్లో బ్లీచింగ్ నీళ్లు కొట్టే పని దొరికింది. టమాట తోటకు మందు కొట్టిన అదే పంపు, అదే భుజం. ఆసుపత్రి లోపల పిల్ల దగ్గర ఒక్కరినే ఉండనిచ్చేవారు. తల్లి ఉండేది. తండ్రి డ్యూటీ దిగి పంపుతో సహా వచ్చి గేటు దగ్గరే నిలబడేవాడు. పిల్లకు సూక్ష్మజీవి సోకితే ప్రాణానికే మోసమని డాక్టర్లు అతనికి చెప్పారు. ఇక లోపలికి వెళ్లే ప్రతి వస్తువునూ, టిఫిన్ డబ్బానీ, నీళ్ల సీసానీ, ఉతికిన గౌన్లనీ, అతను కడిగో, బ్లీచింగ్ కొట్టో పంపేవాడు. బిడ్డ కోసం అతను చేయగలిగింది అదొక్కటే. ఆ మాట అతను అనలేదు, చూస్తే నాకే అర్థమైంది.

ఒక సూది రోజు గౌను తొడుక్కోవడానికి గేటు గదిలోకి వెళ్తూ కుక్క గొలుసు అతని చేతికిచ్చాను. అంతకుముందు కూడా ఇచ్చాను. కుక్కను నిమురుతూ నిలబడేవాడు, తను పోలేని చోటికి అది పోతుంది కదా. నేను బయటికి వచ్చేసరికి దాని ఒళ్లు తడిగా ఉంది. తువాలుతో తుడుస్తూ, ఊరికే కడిగానన్నాడు. రెండు మాస్కుల్లో నాకు వాసన తెలియలేదు. తెలిసినా ఆ రోజుల్లో ప్రతి గోడా, ప్రతి మెట్టూ అదే వాసన కొట్టేది.

వరండాలో బెంచీ మీద పిలుపు కోసం కూర్చున్నాం. రుమాలు కట్టుకున్నాక ఎన్నడూ ఒళ్లు నాక్కోని కుక్క, పాదాలు నాకడం మొదలుపెట్టింది. వద్దన్నాను. వినలేదు. కడుపు కింద నాకింది, వేళ్ల సందుల్లో నాకింది. తర్వాత చొంగ కార్చింది. తలుపు తెరిచి మమ్మల్ని పిలిచే వేళకు నురగలు కక్కుతూ నేల మీద పడి ఉంది.

లోపల పాప అప్పటికే ముడుచుకుని, చెయ్యి కిందికి వేసి పడుకుని ఉందని తర్వాత తల్లి చెప్పింది. అక్క వస్తుందని కదలకుండా ఎదురుచూసిందట. ఆ రోజు మళ్లీ నలుగురు పట్టుకున్నారు. నేను కుక్కను చేతుల్లో వేసుకుని గేటు వైపు పరుగెత్తుతుంటే ఆ కేక వినబడింది. ఎవరి కోసం ఆగాలో తెలియలేదు. ఆగలేదు.

గేటు దగ్గర తండ్రి పంపు పక్కన పెట్టి నిలబడ్డాడు. ఏం కొట్టావని అడిగాను. దాచలేదు.

"గదే, బ్లీచింగు. రోడ్డుకు కొట్టేదానికన్న జర గట్టిగ కలిపిన మేడం. ఆకు మీద గొడితె పురుగు సావదు గద, ఆకు కింద గూడ గొట్టాలె. గందుకే కడుపు కింద, కాళ్ల సందుల మంచిగ గొట్టిన. మా బర్లకు గోమార్ల మందు గిట్లనే కొడ్తుంటిమి."

గేదెలకు పట్టే పురుగు మందు సంగతి నాకెందుకు! నా నోరు మంచిది కాదు. రైల్వే ఆఫీసులో పదును పెట్టిన నోరు. అతన్ని ఆ గేటు దగ్గర అందరి ముందూ నానా మాటలూ అన్నాను. అతను తల వంచుకుని విన్నాడు. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఏమిటో ఆ మనిషి ముఖంలో చూశాను. అయినా నా కోపం తగ్గలేదు, చాలా రోజులు తగ్గలేదు.

కుక్క బతికింది. నాలుకంతా పొక్కింది, పాదాల తోలు ఊడింది. పెరుగన్నం పలచగా పిసికి చెంచాతో పెట్టాం. ఒళ్లు మానింది కానీ భయం మానలేదు. ఇంట్లో నేల తుడిచే నీళ్లలో మందు కలిపితే చాలు, వెళ్లి మేడ మెట్ల కింద దూరేది. ఆసుపత్రికి తీసుకెళ్లి చూశాను. గేటు ఇంకా దూరంగా ఉండగానే రోడ్డు మీద కూలబడి, వణుకుతూ, ఉన్నచోటే మూత్రం పోసుకుంది. బృందం వాళ్లు వచ్చి పరీక్షించి, ఇక ఇది పనికి రాదని రుమాలు తీసుకుపోయారు.

పాపకు ఎవరూ ఉన్న సంగతి చెప్పలేదు. అక్కకు జ్వరం అన్నారు. సూదులు ఆగలేదు, నలుగురు పట్టుకోవడమూ ఆగలేదు. ఒకరోజు డాక్టరమ్మ జాలిపడి పిల్లను చక్రాల కుర్చీలో వెనక వైపు ఖాళీ స్థలంలోకి పంపింది. గేటు లేని దారిన నేను కుక్కను తీసుకెళ్లాను. పాపను చూడగానే అది తోక ఊపుతూ ముందుకు దూకింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మూరెడు దూరంలో టక్కున ఆగింది. ముక్కు ఎగరేసి వాసన చూసింది. తోక కాళ్ల మధ్యకు ముడిచి, వెనక్కి వెనక్కి నడిచి నా చీర చాటున దాక్కుంది.

పాప చెయ్యి చాచే ఉంది. "అమ్మమ్మ, అక్కకు నేనంటే భయమా?" అని అడిగింది.

నువ్వంటే కాదమ్మా, నీ ఒంటి మీది మందుల వాసనంటే భయం అని చెప్పాను. నిజమే చెప్పాను. పిల్ల తన చెయ్యి తానే వాసన చూసుకుంది. ఆ రాత్రి తల్లిని సబ్బు అడిగి చేతులు తోముకుందట, మరునాడూ తోముకుందట. చర్మం ఎర్రబడితే నర్సు సబ్బు దాచేసింది. అది విని ఏడ్చాను.

రెండో అల వచ్చింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. మంచాలు లేవు, రక్తం ఇచ్చేవాళ్లు లేరు, చికిత్స వెనకబడింది. జబ్బు తిరగబెట్టింది. ఇక మందులతో లాభం లేదని, పిల్లను బాధపెట్టకుండా ఇంట్లో ఉంచుకోమని డాక్టరమ్మ తల్లిదండ్రులకు చెప్పింది. సూదులు, మందుల సీసాలు అన్నీ ఆపేశారు. వాళ్లు పాపను నారపల్లి తీసుకెళ్లిపోయారు.

కొన్ని వారాల తర్వాత తండ్రి ఫోను చేశాడు. గేటు దగ్గర నేను తిట్టాక మేం మాట్లాడుకోలేదు. స్ప్రే పని మానేశానని, ఇంట్లో ఏ మందూ వాడడం లేదని ముందుగా చెప్పాడు. తర్వాత, "ఒక్కసారి అక్కను తోల్కొస్తరా అమ్మా" అన్నాడు. నన్ను అమ్మా అనడం అదే మొదటిసారి.

వరంగల్ రోడ్డు పొడుగునా కుక్క కారు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకు ఆశ లేదు. మళ్లీ వెనక్కి నడిస్తే పిల్ల ముఖం ఎలా చూడాలా అనే భయం ఒక్కటే ఉంది.

ప్లాట్ల రాళ్ల మధ్య వాళ్ల రెండు గదుల ఇల్లు. తండ్రి తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, కుక్క దారిలో పడకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల్లి రోజూ సున్నిపిండితో ఒళ్లు తుడుస్తోందట. పాప కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. సగానికి సగమైంది. మమ్మల్ని చూసింది. చెయ్యి కిందికి వేసింది.

కుక్క గడప దగ్గర ఆగింది. ముక్కు ఎగరేసింది. నేను గొలుసు వదిలేశాను. అది నెమ్మదిగా లోపలికి నడిచి, మంచం పట్టెకు గడ్డం ఆనించి కూర్చుంది. పాప దాని చెవి పట్టుకుంది. పట్టుకునే బలం లేదు, వేళ్లు ఊరికే పెట్టింది.

"సూసినవా డాడీ, నాకాడ దవాఖానా వాసన మొత్తం వోయింది. గందుకే వచ్చింది" అంది.

"అవు బిడ్డా" అన్నాడు తండ్రి.