గట్టంతా నడిచిన డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయిందని తెనాలి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను రొయ్యలు వలుస్తున్నాను. చేతులు కూడా కడుక్కోకుండా ఫోనెత్తాను. "అమ్మ రాత్రి వెళ్లిపోయిందండి. మీకు చెప్పకపోతే ఒప్పుకోదని చేశాను" అంది. కన్నతల్లి పోయినట్టే ఏడ్చాను, సిగ్గేముంది?

ఆవిడ నాకు మందివ్వలేదు, ఆపరేషన్ చెయ్యలేదు. కోసి తీసిన గడ్డని మైక్రోస్కోపు కింద పెట్టి, అదేంటో చెప్పే డాక్టరు. అలాంటి డాక్టర్ల మొహం రోగులకి తెలీదు. నాకూ తెలీదు, ఆవిడే రేపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేదాకా.

నాకు గొంతు దగ్గర థైరాయిడ్ గడ్డ లేస్తే బాపట్లలో ఆపరేషన్ చేశారు. గడ్డని పరీక్షకి తెనాలి పంపారు. క్యాన్సరని రిపోర్టు వచ్చింది. మళ్లీ కోసి, గ్రంథి మొత్తం తీసేశారు. ప్రాణానికేం కాలేదు గానీ ఆ మాట మాత్రం మా ఇంట్లో తిష్ట వేసింది. మా ఆయన బోటు మీద వేటకెళ్తాడు. సముద్రం ఇచ్చిన రోజు ఇస్తుంది, లేని రోజు లేదు. రొయ్యల పచ్చడి పెట్టి అమ్మేదాన్ని, దాని మీదే ఇల్లు గడిచేది. "క్యాన్సరామె చేతి పచ్చడి మనకెందుకులే" అని వాడుకగా కొనేవాళ్లే మానేశారు. అది అంటుకునే జబ్బు కాదని ఎంతమందికని చెప్తాం? మా అత్త కూడా నా కంచం, గ్లాసు విడిగా పెట్టింది. పాపం, భయంతోనే పెట్టింది. నాకు మాత్రం ముద్ద దిగేది కాదు.

అలా ఏళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ ఆటో దిగింది. అరుగు మీద కూర్చుని, ఆయాసం తీర్చుకుని, "అమ్మాయ్, నీ రిపోర్టు రాసింది నేనే. దాన్ని మార్చడానికొచ్చాను" అంది.

నాకొచ్చినలాంటి గడ్డల్ని అప్పట్లో అందరూ క్యాన్సర్ల కిందే కట్టేవాళ్లట. చుట్టూ ఉన్న పొర దాటి బయటికి రానివి మనిషికి దాదాపు హాని చెయ్యవని తర్వాత తేలిందట. పెద్ద పెద్ద డాక్టర్లంతా కూర్చుని వాటికి ఆ పేరు తీసేశారట. "పాడవకుండా మైనంలో దాచిన నీ గడ్డ ముక్కలన్నీ తీసి మళ్లీ చూశాను. నీది క్యాన్సర్ కాదమ్మా" అంది.

సంతోషించాలి కదా? నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లు నా నోట్లో మట్టి కొట్టి ఇప్పుడు కాదంటారేంటండి? తీసేసిన గ్రంథి తెచ్చి పెడతారా?" అని అరిచాను. వీధంతా పోగైంది.

ఆవిడ కదిలితేగా! "పెట్టలేనమ్మా. మాత్ర రోజూ వేసుకోవాల్సిందే. కానీ ఆ మాట రాసిన చెయ్యి నాది, కొట్టెయ్యాల్సిందీ నేనే. ఎంతసేపు తిడతావో తిట్టు, వింటాను."

మా అత్త ఊరుకుంటుందా? "అప్పుడు అవునన్నదీ మీరే, ఇప్పుడు కాదంటున్నదీ మీరే. దేన్ని నమ్మమంటారండి?"

"మాది కర్లపాలెం అమ్మా, వ్యవసాయం" అంది డాక్టరమ్మ. "చేలో నీళ్లు పెడితే మా నాన్న గట్టంతా నడిచొచ్చేవాడు. గండి పడిందనడానికి ఒక్కచోట కనిపిస్తే చాలు. పడలేదనాలంటే గట్టంతా నడవాలి. ఈమె గడ్డ పొర చుట్టూ అలాగే నడిచొచ్చాను. ఎక్కడా తెగలేదు."

అత్త తలూపి, "వలా అంతేలెండి. చిరుగు లేదనాలంటే వలంతా చేత్తో తడమాల్సిందే" అంది.

డాక్టరమ్మ నవ్వి, అందరికీ వినబడేట్టు, "ఆకలేస్తోంది అమ్మాయ్, నీ పచ్చడేసి ఇంత అన్నం పెట్టు" అంది. ఆ అరుగు మీదే, వీధంతా చూస్తుండగా, వేళ్లు నాకుతూ తింది. "ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది" అని వంక కూడా పెట్టింది! ఆ పూట అత్త నా కంచం తెచ్చి తన కంచం పక్కన పెట్టుకుంది. వారం తిరక్కుండా పచ్చడి అడిగేవాళ్లు మళ్లీ మొదలయ్యారు.

ఆ తర్వాత ఏటా ఫోన్ చేసేది. "చూపించుకున్నావా?" అనేది. ఇప్పుడేముందిలెండి అన్నానా, అయిపోయానే. "ప్రమాదం తక్కువన్నాను గానీ గాలికొదిలెయ్యమన్నానా?" అని కసిరేది.

ఫోనొచ్చిన ఆ రోజు తెనాలి వెళ్లేసరికి వాళ్ల వరండాలో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కొందరి మెడ మీద అడ్డంగా సన్నటి గీత, నాకున్నలాంటిదే. ఒకరినొకరం చూసుకుని, అడక్కుండానే జరిగి చోటిచ్చుకున్నాం. నా పక్కనామెది బాపట్ల. "మీ రిపోర్టు కూడా మార్చారాండి?" అనడిగాను.

"లేదండి" అందామె. "నా గడ్డ పొర మొత్తం దాచలేదంట. కొంతే దొరికిందంట. చూడని దాని గురించి కాదని చెప్పలేనమ్మా అంది డాక్టరమ్మ. ఫోన్లో చెప్తే సరిపోయేదిగా? ఆ మాట చెప్పడానికే ఎండన పడి మా ఇంటికొచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చిందండి."

డాక్టరమ్మని తీసుకెళ్లే బండి కదిలింది. గేటు దగ్గర ఆడవాళ్లమంతా ఆగిపోయాం. బాపట్ల ఆమె ఆగలేదు. బండి అంచు మీద వేసిన చెయ్యి తియ్యకుండా, వీధి మలుపు తిరిగేదాకా పక్కనే నడుస్తూ పోయింది.