గోడమీద ఆరు, చేతిమీద ఐదు

మస్కట్ పక్కన అల్ హైల్‌లోని మా సైటులో ఈ రోజు ఒక గోడగడియారం హత్యకు గురైంది. ఎండాకాలం కదా, లండన్‌లో ఇలాగే మారుస్తారంటూ మా తెలుగు ఫోర్‌మన్ నిన్న దాన్ని గంట ముందుకు తిప్పాడు. పొద్దున గంట ముందే డ్యూటీ ఎక్కాం. సాయంత్రం అది ఆరు చూపించగానే పని ఆపాం.

ఫోర్‌మన్ తన చేతి వాచీ చూపించి, "ఎక్కడికెళ్ళిపోతన్నారు? ఇంకా ఐదే అయింది" అన్నాడు.

నా రూమ్మేట్ మల్లేశం సుత్తి తీశాడు. "పొద్దుగాల గోడమీది టైము, పొద్దుమూకితె నీ చేతిమీది టైమా?"

మొదటి దెబ్బకు గడియారం ముక్కలైంది. రెండో దెబ్బ ఫోర్‌మన్ వాచీమీదికి ఎత్తుతుంటే మల్లేశం చెయ్యి పట్టుకున్నది నేనే. అయినా వాచీ పగిలింది, మణికట్టు నెత్తురోడింది.

నిజం చెప్పొద్దూ, కాస్త వదులుగానే పట్టుకున్నాను. మీరైతే గట్టిగా పట్టుకునేవారా?