ఆరని లైఫ్ జాకెట్

సెకండ్‌హ్యాండ్ లారీలు అమ్మిపెట్టేవాడికి దెయ్యాల భయం ఉంటే పూట గడవదు. మాది సాలూరు, ఇరవై ఏళ్లుగా నాకు ఇదే పని. మనుషుల ప్రాణాలు తీసిన లారీలు కూడా నా చేతుల మీదుగా అమ్ముడయ్యాయి. వాటి క్యాబిన్లలోనే మధ్యాహ్నం అన్నం తిని హాయిగా కునుకు తీసినవాణ్ణి. ఎవరైనా "ఈ బండిలో ఏదో ఉన్నాదండీ" అంటే, "ఉంటే గేర్‌బాక్సులో ఉంటాది, సూడండి" అని నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని నేను చెప్పడం లేదు. జరిగింది మాత్రం చెబుతున్నాను.

మా ఆవిడ పిన్ని సుభద్రమ్మ ఆమదాలవలసలో ఉంటుంది. నేను అత్తా అని పిలుస్తాను. ఆవిడ భర్త చాలా ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. చేపల వేటకి వాడేది కాదు, షికారుగా రోజుల తరబడి సముద్రం మీద తిరగడానికి చేసింది. దాన్ని కళింగపట్నంలో నీళ్లలోకి దించి తిరిగేవాడు. వానాకాలం వస్తే లారీ ఎక్కించి ఆమదాలవలస తెచ్చి, మూతపడ్డ రైసుమిల్లు షెడ్డులో పెట్టేవాడు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి ఇంట్లోనే, మంచం మీదే పోయాడు.

పోయిన వేసవిలో అత్త నన్ను పిలిపించింది. "నువ్వు లారీలు అమ్ముతావు కదా బాబూ, దీన్నీ ఓ లారీ అనుకో. నాను దాన్ని సూడలేకపోతన్నాను" అని షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఉన్నది ఆ ఒక్క తాళంచెవే.

నాకు ఈత రాదు. సముద్రాన్ని చూసింది కూడా నాలుగైదుసార్లే. అయినా అమ్మకానికి ప్రకటన రాయడంలో నా చెయ్యి తిరిగింది. ఇరవై ఆరు అడుగుల ఫైబర్ బాడీ, తెరచాపలు రెండు, అందులో ఒకటి కొత్తది. గాలి లేనప్పుడు నడపడానికి చిన్న డీజిల్ ఇంజిను. లోపల ఇద్దరు పడుకునే గది, కిరసనాయిలు పొయ్యి, మంచినీళ్ల ట్యాంకు. లంగరు, దిక్సూచి. లైఫ్ జాకెట్లు నాలుగు, మూడు పెద్దవాళ్లవి, ఒకటి పిల్లలది. అలవాటు కొద్దీ 'టైర్లు కొత్తవి' అని కూడా రాసి, మా ఆవిడ పడీ పడీ నవ్వితే కొట్టేశాను. 'అన్నీ మంచి కండిషన్' అన్న మాట మాత్రం ఉంచాను.

ఫోటోలు తీస్తుంటే చూశాను. పడవ గదిలో నాలుగు జాకెట్లూ వరసగా కొక్కేలకి వేలాడుతున్నాయి. మూడు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. పిల్లల జాకెట్ ఒక్కటే తడిసి ముద్దయి, కిందకి నీళ్లు కారుతున్నాయి. చినుకు పడి నెల దాటింది. పైన రేకులు వెతికాను, చిల్లు లేదు. ఎవడో ఆకతాయి పని అనుకుని ఎండలో ఆరేసి, ఆరాక మళ్లీ తగిలించి తాళం వేసుకుని వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత వెళ్తే మళ్లీ తడి. వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. సముద్రం ఎక్కడ, ఆమదాలవలస ఎక్కడ?

తాళం మార్చాను. పడవ చుట్టూ నేల మీద ముగ్గుపిండి చల్లి వెళ్లాను. మూడోసారి వచ్చేసరికి ముగ్గుపిండి చల్లింది చల్లినట్టే ఉంది. జాకెట్ మాత్రం తడిసే ఉంది.

ఇక నాకు కుదురు లేకుండా పోయింది. అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. ఏదో ఒక వంక పెట్టుకుని బండేసుకుని అంత దూరం పోయేవాణ్ణి. "ఆ పడవనే పెళ్లి సేసుకోకపోయినారా?" అని మా ఆవిడ ఎత్తిపొడిచేది. నిజం చెబితే నవ్వుతుందని చెప్పలేదు. ఇది భయం కాదు, చిరాకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈలోగా బేరం కుదిరింది. భీమిలి వైపు టూరిస్టులకి కాటేజీలు నడిపే ఒకాయన కొంటానన్నాడు, కానీ ముందు నీళ్లలో నడిపి చూడాలన్నాడు. అది విని మా అమ్మాయి లావణ్య తనూ ఎక్కుతానని పట్టుబట్టింది. దానికి పదేళ్లు. అది అడిగితే కాదనడం నావల్ల కాదు. సరేనన్నాను.

ఆ రోజు పొద్దున్న పడవని క్రేన్‌తో లారీ ఎక్కించే ముందు గదిలోకి వెళ్లి చూశాను. పిల్లల జాకెట్ ఎప్పటికన్నా ఎక్కువ తడిగా ఉంది. ఒళ్లు మండింది. కొనేవాడు చూస్తే కండిషన్ మీద పేచీ పెడతాడని దాన్ని గట్టిగా పిండి ప్లాస్టిక్ సంచిలో కుక్కాను. బేరం తప్ప ఇంకేదీ తోచలేదు నాకు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కళింగపట్నంలో వంశధారలోకి పడవ దించారు. ఆఖరుసారి చూసుకుంటానని అత్త కూడా వచ్చింది. నేను సంచిలోంచి పిల్లల జాకెట్ తీసి లావణ్యకి కడుతుంటే దాని మీద చెయ్యి వేసింది.

"ఏటి బాబూ, ఇంత తడిగున్నాదేటి?"

దాచలేక మొదటినుంచీ చెప్పేశాను. అత్త ఇసకలో అలాగే కూలబడిపోయింది.

"మీ మావకి అదో పిచ్చి బాబూ. ఎవులు పడవెక్కుతామన్నా, ఆళ్లకిచ్చే జాకెట్టు ముందురోజే తొట్టిలో ఏసి, ఇటిక కట్టి రేత్రంతా ముంచీవోడు. పొద్దున్న ఇటిక తీస్తే అది తేలాల. తేల్తేనే మనిసిని ఎక్కనిచ్చీవోడు. మంచినీళ్లయితే పనికిరావంట, సముద్రంలాగుండాలని డబ్బాడు కల్లుప్పు పోసీసీవోడు. వంటకి ఉప్పు లేకుండా సేస్తన్నావని నాను తిట్టీదాన్ని."

లావణ్య ఒంటి మీంచి జాకెట్ విప్పేశాను. దాన్ని నదిలోకి విసిరాను. కాసేపు తేలింది. తర్వాత మెల్లగా ఒక పక్కకి ఒరిగి మునిగిపోయింది. ఒడ్డునున్న జాలరి ఒకతను తీసుకొచ్చి కత్తితో కోసి చూపించాడు. లోపలి ఫోమ్ అంతా తడిసిన తవుడులా ఉంది. మిగతా మూడూ నీళ్లలో వేసి చూశాం, మూడూ తేలాయి. ఆ మూడింటినీ నేను ఒక్కరోజు కూడా తడిగా చూడలేదు.

లావణ్య ఎంత ఏడ్చినా వినకుండా అత్త దగ్గర వదిలేశాను. ఉన్న మూడు జాకెట్లూ కొనేవాడు, అతని మనిషి, నేను వేసుకుని ఎక్కాం. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక కెరటం పక్కనుంచి కొట్టింది. నేను కూర్చున్నచోటు నుంచి ఎగిరి నీళ్లలో పడ్డాను. ముక్కులోకీ నోట్లోకీ ఉప్పునీళ్లు పోయాయి. జాకెట్ నన్ను పైకి లేపింది. వాళ్లు తాడు వేసి లాగేదాకా నాకు ఒకటే ఆలోచన. ఎక్కనిచ్చి ఉంటే, లావణ్య అప్పుడు నా ఒళ్లోనే కూర్చుని ఉండేది.

పడవ అమ్ముడుపోయింది. ప్రకటనలో రాసిన నాలుగు జాకెట్లలో ఒకటి పనికిరాదని చెప్పే అమ్మాను. కోసిన జాకెట్ మాత్రం ఇచ్చెయ్యలేదు, మా పెరటి గోడకి తగిలించాను.

ఎవరో తాళం తీశారేమో అనుకుందామని చాలా ప్రయత్నించాను. కానీ ఒక్క విషయం దగ్గర ఆగిపోతాను. మొదటిసారి ఆ తడి చూసిన రోజుకి కొనేవాడు లేడు, పడవ నడిపి చూడాలన్న మాటే లేదు. లావణ్యని ఎక్కించాలన్న ఆలోచన నాకూ లేదు, దానికీ లేదు. మావ ఎవరు ఎక్కుతారో తెలిశాకే జాకెట్ నానబెట్టే మనిషి. మరి ఆయనకి ఎవరు చెప్పారు?

నాకు తెలీదు. అప్పుడప్పుడూ పెరట్లోకి వెళ్లి ఆ జాకెట్ మీద చెయ్యి వేసి చూస్తుంటాను. మళ్లీ ఎప్పుడూ తడవలేదు.