ఫ్రెంచ్ అప్పజెప్పించుకున్న మా అమ్మ

మా అమ్మ లాలాగూడల చాలా ఏండ్లు సండే స్కూల్ పిల్లలకు బైబిల్ వాక్యాలు నేర్పింది. అందుకే మా ఇంట్ల ఏ పాఠమైనా నిలబడి అప్పజెప్తేనే అన్నం పెడతది. ఇంటర్‌ల మార్కులొస్తయని ఫ్రెంచ్ తీసుకున్న నా బిడ్డకు రేపు పరీక్ష. ఇయ్యాల సాయంత్రం కరెంటు పోంగనే అమ్మ పుస్తకం మూయించి బహువచనాలు అప్పజెప్పమంది.

"గుర్రం షవాల్, గుర్రాలు షవో. పేపరు జూర్నాల్, పేపర్లు జూర్నో. జంతువు అనిమాల్, జంతువులు..." అని పిల్ల ఆగింది.

"అనిమో," అంది అమ్మ, చీకట్ల కొవ్వొత్తి వెతుక్కుంట.

"అమ్మమ్మా, నీకు ఫ్రెంచ్ వస్తదా?"

"నాకేడ వస్తది? ముందటి రెండూ గట్ల మారితే ఇది సుత గట్లనే మారాలె గద!"

నేనైతే గర్వంతోని ఉబ్బిపోయిన. పిల్ల మాత్రం ఊకోలే. "మరి డాన్స్ పార్టీని బాల్ అంటరు. బహువచనం చెప్పు?"

"బో!"

"తప్పు! అది మారదు. ఎన్నున్నా బాల్ అనే పలకాలె."

అమ్మ కొవ్వొత్తి ముట్టించి, నా దిక్కు చూసి, "ఎంత చెప్పినా మారనిది ఇంటికొకటి ఉంటది తియ్," అంది.

మా ఇంట్ల బాల్ నేనే. మీ ఇంట్ల ఎవరు?